తలుపు మేడం గోలు ఖాళీ చేసిన ఏడాది

హాకీ ఆడే రోజుల్లో తలుపు మేడం నిలబడిన గోలులోకి బంతి వెళ్ళడమంటే, మూసిన తలుపులోంచి గుర్రం దూరడమే. అందుకే తలుపు అనే పేరు వచ్చింది. ఒక మ్యాచ్‌లో అవతలి జట్టువాళ్ళు కొట్టీ కొట్టీ విసిగిపోయి, చివరికి బంతిని ఆవిడ చేతికే ఇచ్చి, కాస్త లోపల పెట్టి పెట్టమ్మా అని బతిమాలారట. ఆవిడ రసీదు అడిగిందట. ఇది నిజమేనా అని అడిగితే ఆవిడ నవ్వి, రసీదు మాత్రం అడగలేదు అనేది. మిగతాది కాదనేది కాదు.

పెళ్ళయ్యాక చాలాకాలం ఒక ఆడపిల్లల స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసింది. పిల్లల్ని వరసల్లో నిలబెట్టడం, చేతులు ఎత్తించడం, దించడం. అన్నాళ్ళలో ఎత్తించిన చేతులన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే చందమామకు నిచ్చెన అయ్యేది. భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఇంట్లో ముందుగదే ఆయన దుకాణం. కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరేమన్నా తలెత్తకుండా "ఊఁ" అంటాడు. ఆ లోటు తీర్చడానికి అత్తగారు పక్కగదిలోంచి ఆయన తరఫున కూడా మాట్లాడుతూ ఉంటుంది.

ఇక ఆడపడుచు. భర్తకు అక్క, రెండు వీధుల అవతల డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఒకప్పుడు వదినా మరదళ్ళిద్దరూ ఒకే కాలేజీ జట్టులో ఆడారు. ఆవిడ సెంటర్ ఫార్వర్డ్, ఈవిడ గోల్ కీపర్. ఆ స్నేహంలోనే ఆవిడ తన తమ్ముడికి ఈ సంబంధం కుదిర్చింది. కుదిర్చిన నాటినుంచీ ఇద్దరికీ ఒకటే తగువు: మ్యాచ్ గెలిచేది గోలు కొట్టేవాళ్ళ వల్లా, ఆపేవాళ్ళ వల్లా అని. భోజనాల దగ్గర ఈ మాట లేచిందంటే వడ్డించినవన్నీ చల్లారిపోవలసిందే.

అలాంటి రోజుల్లో వాళ్ళు చదివిన ఆ కాలేజీనుంచే తలుపు మేడానికి కోచ్‌గా రమ్మని పిలుపు వచ్చింది. అమ్మాయిల హాకీ అక్కడ చచ్చి చాలా ఏళ్ళయింది. గ్రౌండులో గడ్డి ఏ ఎత్తున పెరిగిందంటే, పాత కోచ్ బంతి వెతకడానికి అందులోకి వెళ్ళి, బయటికి వచ్చేసరికి రిటైరైపోయాడని చెప్పుకునేవారు. ప్రిన్సిపాల్ గారు చాలా మర్యాదస్తుడు. ఆవిడకు కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించి, ఆ తర్వాత గానీ అసలు మాట చెప్పలేదు.

"చూడండమ్మా, ఆ స్థలంలో స్కూటర్ల స్టాండు కట్టించమని కమిటీవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు. ఈ ఏడాది మీరు ఒక్క మ్యాచ్, ఒక్కటంటే ఒక్కటి గెలిచి చూపించండి. గెలిస్తే హాకీ ఉంటుంది. లేకపోతే స్కూటర్లుంటాయి."

ఆ గ్రౌండులో ఉత్తరం వైపు గోలు ఆవిడకు పుట్టింటి గుమ్మంతో సమానం. అక్కడ స్కూటర్లు బారులు తీరి నూనె కార్చడం తలుచుకుంటేనే ఒళ్ళు మండింది. మర్నాడే స్కూలు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వచ్చింది. విషయం విని భర్త మొదటిసారి భూతద్దం తీసి ఆవిడ వంక చూశాడు. అత్తగారైతే, గెలవకపోతే కోడలు స్కూటర్లకు కాపలా కాస్తుందిలే, కాపలా కాయడం దానికి అలవాటేగా అంది.

మొదటి పని సామాను పోగుచేయడం. కాలేజీవాళ్ళు ఒక్క స్టిక్కు కూడా పారేయలేదు. అన్నిటికీ ఉద్యోగాలిచ్చారు. ఒకటి కెమిస్ట్రీ ల్యాబులో కిటికీ రెక్కకు అడ్డుగా నిలబడి ఉంది. రెండు ఆఫీసు గదిలో కర్టెన్లు మోస్తున్నాయి. ఇంకొకటి లైబ్రరీలో బూజు దులిపే కర్రగా పదోన్నతి పొందింది. గోలు వల హాస్టలు వెనక బీరపాదును పాకించుకుని నిండుగా కాయలు కాస్తోంది. గోల్ కీపర్ ప్యాడ్ల మీద వాచ్‌మన్ గారి పిల్లి కాపురం పెట్టింది. ప్యాడ్లు కావాలంటే పిల్లికూనలు కళ్ళు తెరిచేదాకా ఆగాలన్నాడు వాచ్‌మన్. ఆవిడ ఆగింది.

రెండో పని ఆటగాళ్ళను పోగుచేయడం. నోటీసు బోర్డులో ప్రకటన పెడితే ఒక్కరూ రాలేదు. తలుపు మేడం తెలివిగా కాలేజీ వదిలే వేళ బస్టాపులో నిలబడటం మొదలుపెట్టింది. కదిలిన బస్సును పరిగెత్తి అందుకున్నవాళ్ళు ఫార్వర్డ్లు. మెట్టు మీద నిలబడి వెనకవాళ్ళను ఎక్కనివ్వనివాళ్ళు డిఫెండర్లు. ఒక బొద్దుపిల్ల కిటికీలోంచి లోపలికి వాలి, చేతులు బారజాపి, స్నేహితురాళ్ళ కోసం వెనక సీటంతా ఆపింది. ఎంతమంది మీదపడినా కదల్లేదు. తలుపు మేడం టిక్కెట్టు కొనుక్కుని అదే బస్సెక్కి, ఆ పిల్ల దిగే చోటిదాకా వెళ్ళి, గోల్ కీపర్‌గా ఒప్పించుకుని వచ్చింది. బంతి మీద పడి కదలకుండా పడుకునే ఆ పిల్లకు జట్టులో దిండు అని పేరు పడింది. బస్సు దొరికినా తర్వాతి స్టాపుదాకా పక్కనే పరిగెత్తి వచ్చే ఇంకో పిల్ల తొందర అయింది. తొందర కూర్చోకముందే భోజనం ముగిస్తుందని హాస్టలువాళ్ళు అనేవారు.

నెలల తరబడి సాధన జరిగింది. తలుపు మేడం స్వయంగా గ్రౌండులోకి దిగి, బంతి ఎలా ఆపాలో, ఎలా అడ్డుపడాలో ఆడి చూపించింది. పిల్లలు చురుకైనవాళ్ళు. ఆవిడ ఏది చేస్తే అది, ఎలా చేస్తే అలా చేశారు. మొదటి మ్యాచ్ రోజు ఆవిడ గుండె నిండా ధైర్యంతో బెంచీ మీద కూర్చుంది.

మొదటిసారి బంతి వచ్చింది. ఎడమవైపు డిఫెండర్ దాన్ని చక్కగా కాలితో ఆపింది. అంపైర్ ఈల ఊదాడు. రెండోసారి బంతి వచ్చింది. కుడివైపు పిల్ల ఇంకా చక్కగా కాలితో ఆపింది. మళ్ళీ ఈల. తొందర అయితే పరిగెత్తుకెళ్ళి కాలితో తన్ని, తన్నాక ఎంత బాగా తన్నానో అని మేడం వంక చూసింది. హాకీలో కాలితో బంతిని ముట్టే హక్కు గోల్ కీపర్ ఒక్కదానికే ఉంది. తలుపు మేడం పుట్టి బుద్ధెరిగి గోలులో తప్ప ఎక్కడా ఆడలేదు. ఆపమని చూపించినప్పుడల్లా ఆవిడ కాళ్ళు వాటంతటవే లేచాయి. అలా జట్టు జట్టంతటికీ గోల్ కీపింగ్ నేర్పి కూర్చుంది. ఆట సగం అయ్యేసరికి ఊది ఊది అంపైర్ బుగ్గలు ఉబ్బిపోయాయి. మిగతా సగం ఆయన చేత్తోనే సైగలు చేశాడంటారు.

ఓడిపోయి వచ్చాక దిండు భయం భయంగా, "మేడం, మీరలాగే చూపించారు కదా" అంది. ఆవిడ తన కాళ్ళ వంక చూసుకుని, "చూపించానే" అని ఒప్పుకుంది.

కాళ్ళు మాన్పించడానికి ఆవిడ ఒక ఉపాయం చేసింది. సాధనకు వచ్చేటప్పుడు అందరూ తెల్లటి మేజోళ్ళు వేసుకోవాలి. ఎవరి మేజోళ్ళ మీద బంతి మట్టి మరక కనిపిస్తే వాళ్ళు అందరి మేజోళ్ళూ ఉతకాలి. మొదటి వారం ఎక్కువసార్లు ఉతికింది తలుపు మేడమే. రెండో వారానికి కాళ్ళు దారికొచ్చాయి. బంతిని స్టిక్కుతో ఆపడం ఎంత బాగా వచ్చిందంటే, ఆ తర్వాత వాళ్ళ మీద ఎవరూ గోలు కొట్టలేకపోయారు. తంటా ఏమిటంటే, వాళ్ళూ ఎవరి మీదా కొట్టలేదు. రెండో మ్యాచ్ డ్రా. మూడోది డ్రా. నాలుగోదీ అంతే. అన్నీ సున్నాకు సున్నా. వాళ్ళ మ్యాచ్ చూడటానికి వచ్చిన జనం గట్టు మీద హాయిగా నిద్రపోయి, సాయంత్రం చల్లబడ్డాక లేచి వెళ్ళేవారు. నిద్రపట్టని ఒక రిటైర్డ్ జడ్జిగారు డాక్టరు సలహా మీద ప్రతి మ్యాచ్‌కీ వచ్చేవారని కూడా చెబుతారు.

ఓడిపోవడం లేదు కదా సార్ అని ఆవిడ ప్రిన్సిపాల్ దగ్గర అంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, డ్రా అంటే ఓడిపోవడానికి మొహమాటపడటమే కదమ్మా అన్నాడు. మిగిలింది ఒక్క మ్యాచ్. అదీ, అందరికన్నా గట్టి జట్టుతో.

ఆ సాయంత్రం ముందుగదిలో ఆవిడ ఒక మూల కూర్చుంటే, గడియారం లోపలి పళ్ళచక్రాన్ని పట్టకారుతో పట్టుకుని ఉన్న భర్త తలెత్తకుండానే మాట్లాడాడు. ఆయన అంత పొడుగు వాక్యం చెప్పడం చూసి గోడమీది గడియారాలు ఒక్క క్షణం ఆగాయట.

"సగం ఆట నీకొచ్చు. మిగతా సగం అక్కకొచ్చు."

"ఆవిడ్ని అడగడం కన్నా స్కూటర్లకు కాపలా కాయడం నయం," అంది తలుపు మేడం.

పక్కగదిలోంచి అత్తగారు, ఏ స్కూటరు ముందు కాస్తావో ఎంచుకో మరి అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. డ్రైవింగ్ స్కూలు ముందు కారు బయల్దేరుతోంది. స్టీరింగు ముందు ఒక బ్యాంకు గుమాస్తా చెమటలు కక్కుతున్నాడు. పక్కన వదిన. తలుపు మేడం వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. చెప్పుకోవలసిందంతా ఆ గుమాస్తా తల వెనకనుంచే చెప్పుకుంది. కాళ్ళ సంగతి, మేజోళ్ళ సంగతి, డ్రాల సంగతి. మేజోళ్ళు ఎవరు ఉతికారో చెప్పినప్పుడు వదిన నవ్విన నవ్వుకు గుమాస్తా బెదిరి కారును పేవ్‌మెంటు ఎక్కించాడు.

"నీ మ్యాచ్‌లు రెండు చూశానే," అంది వదిన, స్టీరింగు సరిచేస్తూ. "నీ పిల్లలు బాగా ఆడతారు. కానీ బంతి దొరగ్గానే వెనక్కి తిరిగి నీ వంక చూస్తారు. హ్యాండ్‌బ్రేకు వేసుకుని బండి నడుపుతున్నారు."

గుమాస్తా గబుక్కున హ్యాండ్‌బ్రేకు వంక చూశాడు.

"నిన్ను కాదు నాయనా, నువ్వు రోడ్డు చూడు."

"అయితే వస్తావా, రావా?" అంది తలుపు మేడం.

"పిలుస్తున్నావా?"

సందు మలుపు తిరిగాక, "పిలుస్తున్నాను వదినా. గోలు కొట్టడం నాకు రాదు. నేర్పడమూ రాదు," అంది.

వదిన ఎగతాళి చేస్తుందనుకుంది. ఆవిడ మాత్రం అద్దంలోంచి మరదలి మొహం చూసి, సాయంత్రం ఎన్నింటికి రమ్మంటావు అని ఊరుకుంది.

వదిన పాఠం వేరు. వెనక్కి బంతి ఇవ్వడం నిషేధం. ఇచ్చినవాళ్ళు గ్రౌండు చుట్టూ పరుగు. ఆవిడ బూట్లు కూడా వేసుకోకుండా చెప్పులతోనే పక్కన పరిగెడుతూ, సందు కనిపిస్తే దూరు, అడగొద్దు, హారన్ కొట్టొద్దు అని అరిచేది. తొందరకు ఆ భాష పుట్టుకతో వచ్చినట్టు అర్థమైంది. చిక్కల్లా తలుపు మేడంతోనే. పిల్లలు గోలు వైపు బంతి కొట్టగానే ఎక్కడ నిలబడి ఉన్నా ఆవిడ ఒక్క దూకు దూకి దాన్ని ఆపేసేది. ఒకసారి ఆపాక తనే నాలుక కరుచుకుంది. ఇంకోసారి చేతిలో టీ గ్లాసు ఒలకకుండా ఆపింది. చివరికి వదిన ఆవిడను గోలుకు వీపు చేసి గోడ వైపు తిప్పి నిలబెట్టింది. తన పిల్లలు గోలు కొడుతున్న చప్పుడు వీపుతో వింటూ, పళ్ళు బిగబట్టి ఆవిడ గోడకున్న సున్నం పెచ్చులు లెక్కపెట్టేది.

ఆఖరి మ్యాచ్ వచ్చింది. ఊళ్ళో సగం జనం కంచె లోపలి గట్టు మీద చేరారు. నిద్రపోవడానికి వచ్చినవాళ్ళు నిరాశపడ్డారు, ఎందుకంటే ఈసారి తలుపు మేడం పిల్లలు మొదటినుంచీ ముందుకే ఉరికారు. తొందర రెండుసార్లు గోలు కర్రకే కొట్టింది. అవతలివాళ్ళు తక్కువ తినలేదు. దిండు ఒకటి గ్లవ్‌తో, ఒకటి ప్యాడ్‌తో, ఒకటి ఎలా ఆపిందో తనకే తెలియకుండా ఆపింది. ఆట చివరికొచ్చేసింది. సున్నాకు సున్నా. బెంచీ మీద వదిన గోళ్ళు కొరుక్కుంటోంది.

తలుపు మేడం గ్రౌండంతా చూసింది. ముందు వరుసలో ఒక్క మనిషి తక్కువ పడుతోంది. తొందర దగ్గర ఇద్దరు కాపలా ఉన్నారు. బంతి అందుకోవడానికి రెండో వైపు ఎవరూ లేరు. ఆ ఒక్క మనిషి ఎక్కడుందో కూడా ఆవిడకు తెలుసు. గోలులో ఉంది. నియమం ప్రకారం గోల్ కీపర్‌ని బయటికి పిలిచి, బదులుగా ఇంకో ఆటగత్తెను ముందుకు పంపవచ్చు. అప్పుడు మన గోలు బావురుమంటుంది. అవతలివాళ్ళు ఒక్కసారి గోలు దగ్గరికి చేరి ఒక్క దెబ్బ కొడితే చాలు, హాకీ లేదు, ఏమీ లేదు.

తన బతుకులో ఒక్క నిమిషం కూడా గోలు వదిలి రాని మనిషి లేచి నిలబడి, దిండును రమ్మని చెయ్యి ఊపింది.

వదిన ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "ఏం చేస్తున్నావే, మతి ఉందా?"

"నువ్వు చెప్పిందే చేస్తున్నాను వదినా. బ్రేకు తీస్తున్నాను."

దిండు ప్యాడ్లతో ఆపసోపాలు పడుతూ బయటికి వచ్చి, కళ్ళ నిండా నీళ్ళతో నేనేం తప్పు చేశాను మేడం అంది. ఏ తప్పూ చెయ్యలేదు, కూర్చో, ప్యాడ్లు విప్పకు అంది ఆవిడ. ఆ స్థానంలో లైబ్రరీ బయట కూడా నోరు తెరిచి మాట్లాడని ఒక సన్నటి పిల్ల ఉరికింది.

అవతలివాళ్ళు ఖాళీ గోలు చూసి నమ్మలేకపోయారు. ఏదో మోసం ఉందనుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ చూసుకునే లోపల బంతి తొందరకు అందింది. ఇద్దరూ ఆమె మీదికి వెళ్ళారు. తొందర వెనక్కి చూడలేదు, ఎవర్నీ అడగలేదు. పక్కకు జారవిడిచింది. అక్కడ సన్నటి పిల్ల ఒంటరిగా ఉంది. ఎంత నెమ్మదిగా కొట్టిందంటే, బంతి గీత దాటేలోపల ఒక ముసలాయన చుట్ట వెలిగించుకున్నాడు. కానీ దాటింది.

పిల్లలంతా ఒక్కచోట కుప్పపడ్డారు. గోల్ కీపర్లకు ఆ కుప్ప ఎప్పుడూ దూరంగానే కనిపిస్తుంది. తమవాళ్ళు గోలు కొట్టినప్పుడల్లా గ్రౌండు ఆ చివర కౌగిలింతలు, ఈ చివర ఒంటరిగా గోల్ కీపర్ చప్పట్లు. ఆడిన అన్నేళ్ళలో తలుపు మేడం ఒక్క కుప్పలో కూడా లేదు. అందుకే ఆలోచించలేదు. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని గ్రౌండులోకి పరిగెత్తి, ఆ కుప్ప మీద పడింది.

ఆట ఇంకా అయిపోలేదు. అంపైర్ వచ్చి, ఎంతో గౌరవంగా, ఆవిడ మొహం ముందు పసుప్పచ్చ కార్డు ఎత్తి, కంచె బయటికి దయచేయమన్నాడు. అలా జట్టుకు కోచ్ లేకుండా పోయింది, గోలులో కీపరూ లేదు. బయటికి వెళ్తూ ఆవిడ బెంచీ వైపు చూసి ఏదో అరవబోయింది కానీ జనం గోలలో ఏదీ వినిపించలేదు.

కంచె బయట ఆవిడ ముందు అంతా జనం వీపులే. వాటిలో అన్నిటికన్నా వెడల్పైన వీపు ప్రిన్సిపాల్ గారిది. ఆయన కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాడు. జన్మంతా ప్రతి బంతినీ ఎదురుగా చూసిన మనిషి, ఇప్పుడు తీగల కంచెలో వేళ్ళు దూర్చి, హాకీ అంటే ఏమిటో తెలియని ఆయన్ని అడుక్కోవలసి వచ్చింది.

"సార్, ఏం జరుగుతోంది?"

"మీ ఆడపడుచు గారు ఒక అమ్మాయిని బయటికి పిలిచి, బెంచీ దగ్గర బొద్దుగా ఉన్న అమ్మాయిని తోస్తున్నారమ్మా. వెళ్ళు, వెళ్ళు, గోలు మూసెయ్ అంటున్నారు."

"వదినా?" అంది తలుపు మేడం. "గోల్ కీపర్‌ని పంపిస్తోందా?"

"పంపించారు. ఆ అమ్మాయి పరిగెడుతోంది. అబ్బో, అవతలివాళ్ళూ పరిగెడుతున్నారు."

జనం ఒక్కసారి హోరెత్తి, ఒక్కసారి ఆగిపోయారు.

"ఏమైంది సార్?"

"ఆ అమ్మాయి పడుకుంది."

"బంతి ఎక్కడుంది?"

ప్రిన్సిపాల్ కళ్ళజోడు సరిచేసుకుని చాలాసేపు చూశాడు. "కనపడటం లేదమ్మా. ఆ అమ్మాయి కిందే ఉన్నట్టుంది. అందరూ వెతుకుతున్నారు."

పొడుగ్గా ఈల వినిపించింది. ఆట అయిపోయిందని చెప్పే ఈల అది. ప్రిన్సిపాల్ కుర్చీ మీదే ఇటు తిరిగి, కాస్త వంగి, ఎవరూ వినకుండా అడిగినట్టు అడిగాడు.

"ఇది డ్రా కాదు కదమ్మా?"

"కాదు సార్. గెలిచాం."

ఆయన కుర్చీ దిగి, ముందు చొక్కా సర్దుకుని, ఆ తర్వాత చెయ్యి చాచాడు. కంచెలో ఇరుక్కున్న వేళ్ళు ఊడి రావడానికి ఆవిడకు కొంత సమయం పట్టింది. ఈలోగా లోపలినుంచి కేకలు దగ్గరయ్యాయి. కార్డు చూసిన మనిషి లోపలికి రాకూడదు గనుక జట్టంతా గేటు దాకా వెళ్ళేంతవరకు కూడా ఆగకుండా కంచె దగ్గరికే వచ్చి, తీగల మీదుగా చేతులు జాపి ఆవిడ మీద పడింది. అందరికన్నా వెనక, చెప్పు ఒకటి తెగిపోయి కుంటుకుంటూ, వదిన వస్తోంది.